గది శ్రుతి

స్పీకర్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు ముందు ధర అడుగుతారు, తర్వాత కంపెనీ పేరు అడుగుతారు. గది ఎంతుందని అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి మనం వినేది స్పీకర్లను ఒక్కటే కాదు. వాటినుంచి బయల్దేరిన శబ్దం నేరుగా చెవికి చేరేది కొంత. గోడలకీ నేలకీ కప్పుకీ తగిలి తిరిగొచ్చేది, మామూలు ఇళ్ళల్లో, అంతకంటే ఎక్కువ. ఎన్ని లక్షలు పెట్టి కొన్నా ఈ రెండోదాన్ని కంపెనీవాళ్ళు పెట్టెలో పెట్టి పంపలేరు. అది మన ఇంట్లోనే తయారవుతుంది.

మా అనంతపురంలో ధర అడగడానికి ఇంకో పద్ధతి ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. అదీ పడాల్సినప్పుడు పడదు. అందుకని ఇక్కడ పెద్ద ఖర్చు ఏదైనా బోర్లతో కొలుస్తారు. పెళ్ళి అంటే ఇన్ని బోర్లు, ఇంజనీరింగ్ సీటు అంటే ఇన్ని బోర్లు. బెంగుళూరులో ఒక మిత్రుడి దగ్గర నేను సెకండ్‌హ్యాండులో కొన్న స్పీకర్ల జత సుమారుగా ఒక బోరు. వాటిని చూసి మా నాయన, "ఇంత దుడ్డు పెట్టి ఇంత సిన్న డబ్బాలా తెచ్చినావు? బోరేసి నీళ్ళు పడకపోయినా గుంతన్నా మిగుల్తుంది కదరా," అన్నాడు.

ఆ చిన్నతనానికి ఒక కారణముంది. అవి ఎల్ఎస్ 3/5ఏ రకం స్పీకర్లు. 1970లలో బి.బి.సి. ఇంజనీర్లు ప్రత్యక్ష ప్రసారాల వ్యాన్లలో వాడుకోడానికి రూపొందించిన డిజైను. అడుగు ఎత్తు, ముప్పావు అడుగుకి కూడా రాని వెడల్పు. వ్యానులో ఇరుక్కుని కూర్చున్న మనిషికి, అవతల మైకు ముందు మాట్లాడే గొంతు ఉన్నదున్నట్టు వినపడాలి. అదీ వాటి పని. పెళ్ళి ఊరేగింపు డీజే పెట్టెల్లాగా గుండెని గుద్దవు. 80 హెర్ట్జ్ కిందకి దిగేకొద్దీ గొంతు తగ్గించేసుకుంటాయి. చిన్న గదికి అది లోపం కాదు. ఎందుకో చెప్పాలంటే మా గది సంగతి చెప్పాలి.

ఊరినుంచి వచ్చిన శనక్కాయ మూటలు పెట్టుకునే గది అది. 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద తాడిపత్రి నల్లబండలు. మూటలున్నన్నాళ్ళూ ఆ గది మూగగా ఉండేది. చేను గుత్తకిచ్చి, మూటలు రావడం ఆగిపోయి, గది ఖాళీ అయ్యాక అందులో దగ్గితే ఆ దగ్గు చాలాసేపు ఉండేది.

ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తిరిగేటప్పుడు, ఆ దూరానికి సరిపడే స్వరం ఒకటి గదిలో నిలబడిపోతుంది. లెక్క సులువే. శబ్దవేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 20 డిగ్రీల దగ్గర శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు. మా గది వెడల్పు 2.44 మీటర్లు. వచ్చేది 70 హెర్ట్జ్. ఒకటిన్నర శ్రుతిలో పాడే విద్వాంసుడి వెనక తంబురా మంద్ర షడ్జం 69 హెర్ట్జ్ చిల్లర. అంటే ఆయన కచేరీ ఏది పెట్టినా మా గది వెనకాల కూర్చుని తనూ ఒక తీగ మీటుతుంది. మృదంగం ఎడమవైపు మోతలో ఆ దరిదాపుల్లో ఏ దెబ్బ పడినా ఉన్నదానికంటే లావుగా, ఆలస్యంగా ఆగుతుంది.

ఇంకో తమాషా ఉంది. వేడెక్కేకొద్దీ గాలిలో శబ్దవేగం పెరుగుతుంది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం స్లాబు కింద 40 డిగ్రీలున్నప్పుడు వేగం సెకనుకి 355 మీటర్లు. అప్పుడు అదే గది 73 హెర్ట్జ్ పలుకుతుంది. హార్మోనియం మీద ఒక మెట్టులో సగానికి పైగా ఎక్కినట్టు. సంక్రాంతికి ఒకటిన్నర శ్రుతికి దగ్గరగా ఉండే మా గది, మే నెలాఖరుకి దాదాపు రెండు శ్రుతికి వస్తుంది. ఎండాకాలంలో గొంతు పెంచేది మనుషులే అనుకునేవాణ్ణి.

ఈ స్వరాన్ని దూదితో చంపలేం. 70 హెర్ట్జ్ తరంగం పొడవు 16 అడుగులు. దాన్ని బాగా పీల్చాలంటే అందులో నాలుగో వంతు, అంటే 4 అడుగుల మందం కావాలి. సగం గది దూదికే పోతుంది. డబ్బు ఖర్చు లేని దారి ఒకటుంది. ఆ స్వరం గదిలో నిలబడినప్పుడు ఒక గోడ దగ్గర గాలి ఒత్తుకుంటుంటే సరిగ్గా అప్పుడే ఎదుటి గోడ దగ్గర పలచబడుతుంటుంది. మధ్యలో ఏమీ ఉండదు. కాబట్టి రెండు స్పీకర్లనీ పక్కగోడలకి సమాన దూరంలో పెడితే ఒకటి లేపినదాన్ని రెండోది అణిచేస్తుంది. వినేవాడు గది వెడల్పుకి నట్టనడుమ కూర్చుంటే మిగిలిన కాస్తా అతనికి అందదు.

సమాన దూరం అనడం సులువు. మా గది తలుపు ఒక మూలన ఉంది, లోపలికి తెరుచుకుంటుంది, ఎడమ స్పీకరు సరిగ్గా ఆ దారిలోకి వస్తుంది. వడ్రంగిని పిలిచి, తలుపు బయటికి తెరుచుకునేట్టు బందులు మార్పించాను. వెల్డింగు షాపులో రెండు ఇనుప గొట్టాలు కోయించి, వాటిలో పెన్న ఇసుక పోసి, కిందా పైనా నల్లబండ ముక్కలు బిగించి, రెండడుగుల పైచిలుకు ఎత్తున స్టాండ్లు చేయించాను. కూర్చున్నవాడి చెవి ఎత్తుకి ట్వీటరు రావాలి. స్పీకర్ల వెనక రెండున్నర అడుగుల ఖాళీ, రెండింటి మధ్య 5 అడుగులు, కుర్చీకి ఐదున్నర అడుగులు. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, నాలుగు రోజులు అంగుళం అంగుళం జరిపి చూశాను. హుంకారం పోయింది.

కానీ మాట ఇంకా అలుక్కుపోయే ఉంది. అది శ్రుతి సమస్య కాదు, ప్రతిధ్వని సమస్య.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్రవేత్తకి ఇలాంటి గదినే అప్పజెప్పారు. ఫాగ్ మ్యూజియంలో ఉపన్యాసాల హాలు. అందులో ఒక మాట ఐదున్నర సెకన్లు మోగుతూ ఉండేది. మొదటి మాట ఆగేలోపు పది మాటలు మీద పడేవి. సబీన్ రాత్రిపూట దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఇన్ని మెత్తలు పరిస్తే మోత ఇంత తగ్గిందని కొలిచి, తెల్లారేసరికి మళ్ళీ వెనక్కి చేరవేయించేవాడు. ఈనాటికీ హాళ్ళు కట్టేవాళ్ళు వాడే సూత్రం ఆ మెత్తల్లోంచే వచ్చింది. ఆ సూత్రంలో మా గది కొలతలు వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు మోత రెండు సెకన్లు దాటింది. పదిహేను చదరపు మీటర్ల మెత్త పెడితే అర సెకను లోపలికి వస్తుంది.

పట్నంలో దీనికోసం అమ్మే పలకలున్నాయి, మళ్ళీ ఒక పావు బోరు. మా ఇంట్లో అటక మీద మా అమ్మ పెళ్ళినాటివి, మా పెళ్ళినాటివి కలిపి ఆరు దూదిపరుపులున్నాయి. దూదేకే ఆయన్ని పిలిస్తే ఒకదాన్ని తట్టి చూసి, "సార్, ఇది రాయైపోయింది. రాయి మీద సప్పుడు నిలస్తాదా? ఏకి పొంగిస్తే తప్ప లాగదు," అన్నాడు. ఆయనకి సబీన్ తెలియదు. కానీ విషయం సరిగ్గా అదే. దూది పోగుల మధ్య గాలి ఆడాలి. ఆ రాపిడిలోనే శబ్దం వేడిగా మారి పోతుంది. రెండు రోజులు కూర్చుని ఏకి, నాలుగంగుళాల మందంతో మెత్తలు కుట్టిచ్చాడు. వాటిని చెక్క చట్రాలకి బిగించి గోడకి నాలుగంగుళాల ఎడంగా నిలబెట్టాను. ఆ ఎడం వల్ల మెత్త పనితనం ఇంకా కింది స్వరాలదాకా దిగుతుంది. పక్కగోడల మీద ఎక్కడ పెట్టాలో తెలుసుకోడానికి మా అమ్మాయి అద్దం పట్టుకుని గోడ వెంబడి నడిచింది. కుర్చీలో కూర్చున్న నాకు అద్దంలో స్పీకరు ఎక్కడ కనపడితే అక్కడ ఒక మెత్త.

ఇదంతా నాకోసమే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మా నాయన ముప్పయ్యేళ్ళు ఆయిల్ ఇంజిను పక్కన నిలబడి నీళ్ళు కట్టినవాడు. చెవులు పోయాయి. వయసుతోనూ మోతతోనూ ముందు పోయేవి పై స్వరాలు. అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది. స, శ, త, ప, క లాంటి హల్లుల పదును పైన ఉంటుంది. అందుకే ఆయనకి మనం మాట్లాడుతున్నామని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా గట్టిగా వినపడతాయి. చెవిమిషను కొనిస్తే డబ్బాలో పెట్టేశాడు. "అన్నీ ఒగేసారి అరుస్తాయి రా దాంట్లో," అంటాడు. మోత తిరిగే గదుల్లో ఆ ఫిర్యాదు నిజం.

ఆయన ఊళ్ళో హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి వేషం కట్టేవాడు. బయట అప్పులవాళ్ళకి మొహం చాటేసే మనిషి, స్టేజీ మీద హరిశ్చంద్రుణ్ణి అప్పు కట్టమని తెల్లవార్లూ పీడించేవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం పద్యాలు ఆయనకి కంఠతా వచ్చు. కాటిసీనులో పాడే జాషువా పద్యాలూ వచ్చు. ఆ నాటకాన్ని ఊళ్ళో ఎవరో టేపురికార్డరులో పట్టిన క్యాసెట్ ఒకటి మా ఇంట్లో ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని పెట్టమని అడగలేదు ఆయన.

పద్యాలు కంఠతా వచ్చినవాడికి వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది కాబట్టి దాంతో పరీక్ష పెట్టలేం. అందుకని మెత్తలు పెట్టకముందే మా అమ్మాయి చేత ఇరవై మాటలు రికార్డు చేయించాను. పాలు, కాలు, తాలు. సంత, చింత, కంత. వరస కలగాపులగంగా. స్పీకర్లు అవే, వాల్యూము అదే, కుర్చీ అదే. మెత్తలు లేనప్పుడు నాయన సరిగ్గా తిరిగి చెప్పినవి తొమ్మిది. మెత్తలు పెట్టాక, వరస మార్చి వినిపిస్తే పదహారు.

ఆ సాయంత్రం క్యాసెట్ పెట్టాను. పెట్రోమాక్సు లైట్ల బుస, జనం ఈలలు, ఎక్కడో ఒక కుక్క. నాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాటిసీనులో ఒక చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఈడ ఒగ మాట మింగినాడు సూడు. రాగానికి ఊపిరి సాలక మింగినాడు. ఆ పొద్దే సెప్పినా వానికి." వెనక్కి తిప్పి రెండుసార్లు విన్నాను. నిజమే, ఒక మాట లేదు. జ్ఞాపకంలో ఉన్న పద్యంలో ఆ మాట ఉంటుంది. అది లేదని తెలియాలంటే చెవితో వినాల్సిందే.

ఇప్పుడు లెక్క చూసుకుంటే స్పీకర్లకి ఒక బోరు. దూదేకినందుకు కూలి, గుడ్డ, చెక్క, తలుపు బందులు, ఇనుము, బండలు అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర. ఆ తొమ్మిదిని ఏడు పెంచి పదహారు చేసింది బోరు కాదు, చిల్లర. స్పీకర్లు దండగని అనను. హల్లుని హల్లులా పలకడం వాటికి వచ్చు. ఆ పలికినదాన్ని చెవిదాకా పోనివ్వడం గది పని. గది చేతకానిదైతే స్పీకరు ఎంత మంచిదైనా వృథా. గది సర్దుకుంటే మామూలు స్పీకరైనా మనిషికి మాట అందిస్తుంది. ఇంట్లో చెవులు మందగించిన పెద్దవాళ్ళుంటే, మిషను కొనేముందు కాకపోయినా కొన్న తర్వాతైనా, వాళ్ళు కూర్చునే గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి.

వినడానికి మంచి వేళ తెల్లవారుజామే. ఎండాకాలం పగలు ఫ్యాను ఆపలేం, వేస్తే వినలేం. కరెంటు పోయినప్పుడు ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది గానీ అప్పుడు స్పీకర్లూ నిశ్శబ్దమే. నాలుగున్నరకి నాయన లేచి తలుపు బయటికి లాగి లోపలికి వెళ్తాడు. నట్టనడుమ కుర్చీ ఇప్పుడు ఆయనది. ఆ గదిలో సరైన చోటు ఒక్కటే ఉంది కాబట్టి నేను గోడవారన చాప మీద కూర్చుంటాను. కచేరీ పెట్టుకున్న రోజున, అక్కడ ఇంకా కాస్త మిగిలున్న గది షడ్జం నాకు వినపడుతూ ఉంటుంది.