చెయ్యి విరిగిన బండి

సావనీరుకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి నన్ను మూడుసార్లు అడిగినాడు. మొదటిసారి పరీక్షలన్నాను. రెండోసారి జ్వరమన్నాను. మూడోసారి హాస్టలు గదికే వచ్చి కూర్చున్నాడు. నాకు కవిత్వం రాదు, కథ కట్టడం అంతకన్నా రాదు. చదివేది బి.యస్సీ., పుట్టింది సేద్యగాళ్ళ ఇంట్లో. ఏం రాయాలా అని చూస్తుంటే, బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న ఇనుప ముక్క కనిపించింది. గదికి వచ్చిన ప్రతివాడూ అదేమిటని అడుగుతాడు. "ఏదో పాత సామానులే" అని చెబుతూ వచ్చినాను. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఆ మిగిలిన నిజం ఇక్కడ రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం దాటి రాయదుర్గం పోయే వైపు ఒక పల్లె. మన జిల్లా సంగతి ఈ సంచిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. నైరుతి వానలు పడమటి కనుమల్లోనే కురిసి ఇక్కడికి ఒట్టి గాలిగా వస్తాయి. ఈశాన్య వానలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా అడిగినప్పుడు రాదు, వచ్చినప్పుడు ఆగదు. వంకలు పది నెలలు ఇసుకదారులు, రెండు రోజులు నదులు. మా చేను గుట్ట వారన ఉంటుంది. అక్కడికి పోవాలంటే ఎర్ర చల్కలో రెండు కిలోమీటర్లు, ఒక వంక, వంక గట్టున ఏనుగు తలకాయంత నల్లరాయి. మా తాత కాలం నుంచి ఎద్దులబండి ఆ రాయిని చుట్టుకొనే పోయింది.

2021లో నాయన, చిన్నాయన కలిసి ఎద్దులను అమ్మి సెకండ్‌హ్యాండ్ థార్ ఒకటి తెచ్చినారు. షోకు కోసం కాదు. వేరుశనగ విత్తనాలు, ఎరువు బస్తాలు, డ్రిప్పు పైపులు, చీనీకాయలు, మందు కొట్టే డ్రమ్ము అన్నీ అదే మోయాలి. ఊళ్ళో ఎవరికైనా నొప్పులు వచ్చినా, పాము కరిచినా రాత్రిపూట తలుపు తట్టేదీ మా ఇంటిదే.

జీపు మన దేశానికి కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపులను మహీంద్రా వారు ఆ తర్వాత బొంబాయిలో బిగించడం మొదలుపెట్టినారు. ఆ పాత జీపులకు ముందూ వెనకా కమాను కట్టలే. కమాను కట్ట రెండు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసును పక్కకు జరగకుండా పట్టుకుంటుంది. పట్టీ విరిగితే కొలిమి దగ్గర ఇంకొకటి వేయించుకోవచ్చు. 2010లో వచ్చిన థార్‌లో మాది సి.ఆర్.డి.ఇ. రకం. వెనక కమాను కట్టలే అయినా, ముందు చక్రాలు రెండూ దేనికది విడిగా ఆడతాయి. ఒక్కో చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుంటాయి. ఆర్మ్ లోపలి కొన చాసిస్ దగ్గర రబ్బరు బుష్‌మీద తిరుగుతుంది. బయటి కొనలో బాల్ జాయింట్ ఉంటుంది. మన భుజం కీలు లాంటిదే. పేరుకు తగ్గట్టే అది బండికి చెయ్యి. బరువు మోసే పని మాత్రం టార్షన్ బార్ అనే పొడుగాటి ఉక్కు కడ్డీది. చక్రం పైకి లేచినప్పుడు ఆ కడ్డీ మెలి తిరిగి, మళ్ళీ వెనక్కి విప్పుకొంటుంది.

మొదటి సంవత్సరం ల్యాబులో టార్షనల్ పెండ్యులం కట్టి, తీగ దృఢతా గుణకం కనుక్కున్నాము గదా! తీగ మెలికకు చూపే ఎదురు దాని వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆ చదువు తలకెక్కింది. సరిగ్గా ఎక్కలేదని తర్వాత తెలిసింది.

2024 ఏప్రిల్‌లో సెలవులకు ఇంటికి పోయినప్పుడు బండి అడుగు ఆ నల్లరాయికి తగిలి కరకరమంది. ఫోనులో వీడియోలు చూసినాను. టార్షన్ బార్ చివర ఒక బోల్టు ఉంటుంది, దాన్ని బిగిస్తే బండి ముందు భాగం లేస్తుంది. నాయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు పాన పట్టుకొని కిందికి దూరినాను. రెండు వైపులా బిగించినాను. ముందు భాగం రెండు అంగుళాలు లేచింది. మరునాడు బండి రాయికి తగలకుండా దాటింది. "ఏమిరా, ఈ రోజు రాయి వంగిందా?" అని నాయన నవ్వినాడు. నేను మీసం లేని మూతి తిప్పుకున్నాను.

ఆ బోల్టు బిగిస్తే కడ్డీ గట్టిపడదు. దాని మందం అంతే, పొడవు అంతే, ఎదురు తిరిగే బలమూ అంతే. మారేది ఆర్మ్ నిలబడే కోణం ఒక్కటే. మామూలుగా దాదాపు అడ్డంగా ఉండవలసిన ఆర్మ్ కిందికి వేలాడుతుంది. చక్రం గుంటలోకి దిగడానికి మిగిలిన చోటు తగ్గిపోతుంది. బాల్ జాయింట్ ఎప్పుడూ తన హద్దు దగ్గరే మెడ వంచుకొని పనిచేస్తుంది. చక్రాల కోణాలు మారి టైరు ఒక అంచునే అరుగుతుంది. టైరు అరగడం నేను చూసినాను. చూసి కూడా ఊరుకున్నాను.

జూన్‌లో మంచి పదును పడింది. విత్తనాల మూటలు వేసుకొని నాయన చేనికి బయలుదేరినాడు. పక్కన అవ్వ కూర్చుంది. విత్తేనాడు తన చేత్తో మొదటి గుప్పెడు వేయనిదే ఆమెకు తోచదు. వంకలో దిగుతుండగా కుడి ముందు చక్రం పై బాల్ జాయింట్ ఊడిపోయింది. చక్రం పక్కకు వాలింది. బండి మోకాలు విరిగిన ఎద్దులాగా కూలబడింది. వేగం లేదు కాబట్టి ప్రాణాలు దక్కినాయి. అవ్వ ముందుకు పడి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది.

ఆ ముందటేడు బాల్ జాయింట్లు మార్చింది కళ్యాణదుర్గంలో మేము మామా అని పిలిచే మేస్త్రీ. నాయన ఊరి కట్టమీద అందరి ఎదుటా అన్నాడు. "వాడు దొంగ సామాను వేసినాడప్పా. డబ్బుమీద ఆశ ఎక్కువైంది." ఆ మాట ఊరంతా తిరిగింది. మా ఊరి ట్రాక్టర్లు రెండు వేరే షెడ్డుకు పోయినాయి. నేను పదకొండు రోజులు నోరు తెరవలేదు. కట్టు కట్టుకొని అవ్వ మంచంమీద కూర్చుంటే, సంగటి గిన్నె నేనే చేతికి అందించినాను. ఆమె ఎడమ చేత్తో తింటూ, "నువ్వుండావు కాబట్టి సరిపోయె నాయనా" అనింది. ఆ ముద్ద నా గొంతులో అడ్డం పడింది.

బండి లేకపోతే విత్తనం ఆగుతుంది. సామాను తెచ్చే పని నాకు అప్పజెప్పినారు. ఆర్మ్ కూడా వంగిపోయింది, జాయింట్ ఒక్కటే మారిస్తే కుదరదు. నాలుగు దారులు కనిపించినాయి. ఒకటి, వంగిన ఆర్మ్‌ను కాల్చి సరిచేసి వెల్డింగ్ పెట్టించడం. రెండు, అంగట్లో దొరికే నకలు ఆర్మ్, ధర సగం. మూడు, బెంగుళూరులో గొట్టాలతో కట్టి అమ్మే ఆర్మ్‌లు. మెరిసే పూత, పొడవు తగ్గించి పెంచుకొనే మరలు, పాలీయురెథేన్ బుష్‌లు, ధర మూడింతలు. నాలుగు, కంపెనీ ఆర్మ్.

నా మనసు మూడోదాని మీదే. ఎత్తు పెంచిన బండికి బాల్ జాయింట్ కోణం సరిపోయేటట్టు చేసినవి అవి. అవి వేస్తే నేను పెంచిన ఎత్తు అట్లనే ఉంటుంది. నా తప్పు కూడా దాని కిందే దాగిపోతుంది.

ఆలోచించడానికి ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చుకున్నాను. (ల్యాబు అసిస్టెంటుగారు మన్నించాలి. తిరిగి పెట్టేసినాను.) అంగట్లో కుడి, ఎడమ నకలు ఆర్మ్‌లు పక్కపక్కన పెట్టి కొలిస్తే, బుష్ మధ్య నుంచి జాయింట్ మధ్యకు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మూడు మిల్లీమీటర్లు ఎంత అనిపిస్తుంది. పై జాయింటుకూ కింది జాయింటుకూ నడుమ ఎత్తు పావు మీటరు అనుకుంటే చక్రం 0.7 డిగ్రీలు వాలుతుంది. టైరు తినడానికి ఆ మాత్రం చాలు.

ఆ ఆర్మ్‌ల సంగతి అడగడానికి ఎవరున్నారు? మేస్త్రీ మామే. మా నాయన తిట్టిన షెడ్డుకే పోయినాను. ఆయన నన్ను చూసి టీ తెప్పించినాడు. ఏమీ మాట్లాడకుండా వంగిన ఆర్మ్ చేతిలోకి తీసుకున్నాడు.

"కాల్చి సరిచేద్దామా మామా?" అన్నాను.

"కాలిస్తే ఉక్కుకు ముందున్న పదును పోతుందప్పా. వెల్డింగ్ పక్కనే మళ్ళీ పగులుతుంది. గేటుకైతే వెల్డింగ్ పెడతా. మనిషి కూర్చునే దానికి పెట్టను."

బెంగుళూరు ఆర్మ్‌ల బొమ్మ చూపించినాను. చాలాసేపు చూసినాడు. "మంచి పనితనమే. కానీ ఆ గట్టి బుష్‌కు అప్పుడప్పుడు గ్రీసు కావాల. మన దుమ్ములో గ్రీసు అంటే దుమ్మును పిలిచి అన్నం పెట్టినట్టు. రబ్బరు తానే మెలి తిరుగుతుంది, గ్రీసు అడగదు, రాయి దెబ్బ కొంత తానే మింగుతుంది. ఇంకొకటి, ఆదివారం పొద్దున ఇది విరిగితే కళ్యాణదుర్గంలో దొరుకుతుందా? రాళ్ళెక్కే పందెం వాళ్ళకు ఇది సరే. మీ బండి చేసే పని ఏంది? విత్తనాలు మోయడం."

తర్వాత ఆయన సెల్‌ఫోను లైటు వేసి, షెడ్డుకు లాక్కొచ్చిన మా బండి కిందికి నన్ను కూడా రమ్మన్నాడు. టార్షన్ బార్ బోల్టు చూపించినాడు. పాత మట్టి కింద కొంత మర తుప్పుపట్టి ఉంది, కొంత మర కొత్తగా మెరుస్తోంది. ఎన్ని చుట్లు తిప్పినారో వేలుతో లెక్కపెట్టవచ్చు. "ఈ బోల్టు నేను ముట్టుకోలేదప్పా" అన్నాడు. అంతే. నా ముఖం వైపు చూడలేదు. బండి లాక్కొచ్చిన రోజే ఆయనకు తెలుసు. ఊరంతా తిట్టినా ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి నాయనకు చెప్పేసినాను. కొడతాడనుకున్నాను. ఆయన బీడీ ఆర్పేసి చాలాసేపు చీకట్లోకి చూసినాడు. "నువ్వు బోల్టు తిప్పింది తెలియక. ఇన్ని దినాలు నోరు మూసుకొనింది తెలిసే కదా?" అన్నాడు. దెబ్బ అయితే నాలుగు రోజుల్లో మానేది. తెల్లవారి గోనెసంచి నిండా కాయలు వేసుకొని బస్సెక్కి కళ్యాణదుర్గం పోయినాడు. షెడ్డులో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చి మళ్ళీ ఊరి కట్టమీద, అందరూ ఉన్నప్పుడే, "ఆ పొద్దు నేను అనింది తప్పప్పా. మా వాడే బోల్టు తిప్పినాడు" అని చెప్పినాడు. నేను కూడా అక్కడే నిలబడి ఉన్నాను.

కంపెనీ ఆర్మే తెచ్చినాము. విరిగింది ఒక వైపే అయినా బాల్ జాయింట్లు, బుష్‌లు రెండు వైపులా మార్పించినాము. బుష్ బోల్టులు మాత్రం బండి చక్రాలమీద నిలబడిన తర్వాతే మామ చివరిసారి బిగించినాడు. చక్రాలు గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు అప్పటినుంచే మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుందట. టార్షన్ బార్ పాత ఎత్తుకే దించి అలైన్‌మెంట్ చేయించినాము. నా ఇష్టం వచ్చినట్టు బండి రూపం మార్చేస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని కూడా అప్పుడే చదివి తెలుసుకున్నాను.

మరి నల్లరాయి? ఆర్మ్ బిగించిన మరుసటి రోజు నాయన, చిన్నాయన, పక్క చేను వాళ్ళు ఇద్దరు, నేను గడ్డపారలు పట్టుకొని పోయినాము. పొద్దు వాలేసరికి రాయి వంకలోకి దొర్లింది. నాలుగు తరాలు చుట్టుకొని పోయిన రాయి అది. "బండిని ఎత్తు చేసే తెలివి వచ్చింది గానీ, రాయి తీసే తెలివి నాకూ ఇన్నేండ్లు రాలేదురా" అన్నాడు నాయన. ఆ జూన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మనం చదివే సూత్రాలు తప్పు కావు. వ్యాసార్ధపు నాలుగో ఘాతం ఎప్పటికీ నిజమే. ఆ సూత్రం ఏ ప్రశ్నకు జవాబో అడగకుండా నేను బోల్టు తిప్పినాను. మామ మాత్రం ముందు ప్రశ్న అడిగినాడు: మీ బండి చేసే పని ఏంది? ఇప్పుడు ల్యాబులో ఏ ప్రయోగం మొదలుపెట్టినా ఆ గొంతే వినిపిస్తుంది.

వంగిన ఆర్మ్‌ను మామ నాకే ఇచ్చినాడు. "పెట్టుకో, పాఠం మాదిరి" అన్నాడు. అది హాస్టలు గదిలో కాగితాలు పట్టుకొని ఉంది. అవ్వ చెయ్యి అతుక్కుంది గానీ మణికట్టు పూర్తిగా తిరగదు. సంగటి కెలికే కట్టె ఇప్పుడు అమ్మ చేతిలోకి పోయింది. ఈ ఏడు విత్తేనాడు అవ్వ మొదటి గుప్పెడు ఎడమ చేత్తో వేసింది. గింజలు సాలులో పడలేదు, పక్కకు పడినాయి. నేను వంగి, ఒక్కొక్కటి ఏరి, సాలులో పెట్టినాను.