గాలిలో పోయిన దెబ్బ

సిమ్లా నుంచి 20 కిలోమీటర్లకు పైగా వెళితే నాల్‌దేరా వస్తుంది. దేవదారు చెట్ల మధ్య ఎగుడుదిగుడు పచ్చికలో గోల్ఫ్ మైదానం. వైస్రాయి లార్డ్ కర్జన్‌కు ఈ చోటు ఎంత నచ్చిందంటే, 1904లో పుట్టిన మూడవ కూతురి పేరులో దీన్ని చేర్చాడు.

పెద్ద మైదానాల్లో మామూలుగా పార్ 72 అయితే, ఇక్కడ 68. చిన్నదే కదా అనుకున్నాను. కానీ వాలులో బంతి ఒకచోట పడి మరోచోట ఆగుతుంది.

నన్ను తీసుకెళ్ళింది మా అన్నయ్య. హోసూరులో ఇంటి వాటాల దగ్గర మాటా మాటా పెరిగి, నాలుగేళ్ళుగా ఇద్దరం అంతంతమాత్రమే. మైదానంలోనూ దెబ్బల లెక్క తప్ప వేరే మాట లేదు.

ఒకచోట నా బంతి చెట్ల వెనక్కి పోయింది. బలంగా ఊపాను. కర్ర గాలినే కొట్టింది. అన్నయ్య చూడలేదు. కొట్టాలని ఊపితే, తగలకపోయినా అదీ ఒక దెబ్బే. అది నియమం. బ్యాంకులో 30 ఏళ్ళుగా ఇతరుల లెక్కలు సరిచూసేవాణ్ణి, నా లెక్క తప్పు చెప్పనా?

"ఏడు" అన్నాను.

"ఆరే కదరా?"

"గాలిలో ఒకటి పోయింది అన్నయ్యా."

నావైపు ఒకసారి చూసి, కార్డులో ఏడు వేశాడు.

ఆట అయ్యాక టీ తాగుతూ, "ఆ వాటాల లెక్క మళ్ళీ నువ్వే వెయ్యి. నేను సంతకం పెడతాను" అన్నాడు.

ఆటలో చిత్తుగా ఓడాను. కాల్కా దాకా చిన్నరైల్లో ఇద్దరం మాట్లాడుకుంటూనే దిగాం.