పట్టాలు తీసేసిన దారిలో బందరు దాకా

విజయవాడలో రోడ్లన్నీ కొండల్నీ కాలవల్నీ తప్పించుకుంటూ మెలికలు తిరుగుతాయి. సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డుకు మాత్రం ఆ అవస్థ లేదు. అది రైలు వేసిన దారి. గుడివాడ, బందరు బళ్లు ఒకప్పుడు దీనిమీదే నడిచాయి. సత్యనారాయణపురం స్టేషనూ ఇక్కడే ఉండేది. లైను మార్చాక పట్టాలు పీకి, ప్రత్యేక బస్సుల కోసమని ఇంత వెడల్పు రోడ్డు వేశారు. అనుకున్న బస్సులు పెద్దగా నడిచిందీ లేదు. పొద్దున వాకింగువాళ్లు, సాయంత్రం తిండి బళ్లు. దారికైతే గిరాకీ తగ్గలేదు.

బెజవాడ–బందరు లైను 1908 నాటిది. గుంతకల్లు మీదుగా పడమటి నుంచి వచ్చే మీటర్ గేజ్ దారికి బందరు తూర్పు కొస. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి కొమ్మ పడింది. ఈ లైను నడిపిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా (ఎం.ఎస్.ఎం.) కంపెనీ బళ్లు 1951లో దక్షిణ రైల్వేవి, 1966లో దక్షిణ మధ్య రైల్వేవి అయ్యాయి.

యాభైల నాటి సత్యనారాయణపురం అంటే రైల్వే క్వార్టర్లు, అగ్రహారపు వాసన తగిలే వీధులు, సంగీతం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కాపురమున్న పేట ఇది. ఆ కాలపు బ్రాంచి లైను స్టేషన్లో కిటికీ వెనక గుమాస్తా అట్ట టికెట్టును మిషనులో పెట్టి లాగితే టక్కుమని తేదీ పడేది. ఇక బండి కదలాలంటే డ్రైవరు చేతికి టోకెను అందాలి. పెద్ద వలయం, దానికి తోలు సంచి, అందులో ఉక్కు గుండు. ఒకే పట్టా మీద ఎదురుబదురుగా రెండు బళ్లు రాకుండా చూసేది ఆ గుండే. అది లేనిదే ఎంత పెద్ద డ్రైవరైనా బండి కదపడానికి వీల్లేదు. ఇంత తేలికైన, ఇంత గట్టి ఏర్పాటు రైల్వేలో మరొకటి లేదని నా నమ్మకం.

కొంచెం ముందుకెళితే సీతన్నపేట గేటు. గేటు లేదు, గేటుమాన్ లేడు. ఆటోవాళ్లు మాత్రం ఇప్పటికీ "గేటు, గేటు" అనే పిలుస్తారు.

గుణదల వైపు పడవలరేవు. పేరులోనే ఉంది కథంతా. రైలు రాకముందు ఏలూరు కాలవే హైవే. ఏలూరులో అది గోదావరి కాలవతో కలుస్తుంది కాబట్టి బెజవాడలో ఎక్కించిన సరుకు కాకినాడ దాకా నీళ్లమీదే పోయేది. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవను లాగేవారు. రైలొచ్చినా ఆ పడవలు వెంటనే మాయం కాలేదు. చాలాకాలం రెండూ పక్కపక్కనే బతికాయి. చివరికి లారీ రెండింటి సరుకునూ లాక్కుంది.

రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పులూరు దాటితే అంతా వరిచేలే. తర్వాత గుడివాడ. ఆ తాలూకా కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో ఆడవేషాలు వేస్తూ తిరిగే రోజుల్లో బెజవాడ స్టేషన్లోనే ఘంటసాల బలరామయ్య కంటపడ్డాడు. 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడయ్యాడు. తెలుగు సినిమా ఆ ప్లాట్‌ఫారానికి బాకీ పడింది.

గుడ్లవల్లేరు, కవుతరం మీదుగా పెడన చేరితే మగ్గాలు, కలంకారీ అచ్చులు. చిలకలపూడిలో గిల్టు నగలు, పాండురంగడు. ఆపైన బందరు. అక్కడ ఓడలు ఒడ్డు దాకా రాలేక దూరంగా లంగరు వేసేవి. సరుకును పడవల్లో చేరవేయాల్సి వచ్చేది. రేవును నమ్ముకున్న లైనుకు ఆ రేవే కలిసిరాలేదు.

2023లో బందరు పోర్టు పనులు మొదలయ్యాయి. రేపు సరుకు రైళ్లు నడిస్తే ఈ లైనుకు మళ్లీ మంచిరోజులు వస్తాయి. ఆ లోపల సత్యనారాయణపురంలో స్టేషను ఉన్నచోట పసుపు పలక మీద నల్లక్షరాలతో ఊరిపేరు రాసి నిలబెట్టండని రైల్వేకూ కార్పొరేషనుకూ మనవి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.