కౌజులు నోరు మూసుకున్నాక

కౌజు పిట్టల్ని లెక్కపెట్టడం సులువని చాలామంది అనుకుంటారు. అవి అరిచే రోజుల్లో అది నిజమే. ఎండలు ముదిరే వేళ నుంచి వానలు కుదురుకునేదాకా, తూర్పు తెల్లబడగానే మగకౌజు ఏ పుట్ట మీదో గట్టు మీదో ఎక్కి గొంతు ఎత్తుతుంది. ఒకటి మొదలుపెడితే వంక అవతలి నుంచి ఇంకొకటి బదులిస్తుంది. ఒకచోట కూర్చుని వేళ్ళు మడుస్తూపోతే సగం లెక్క తేలిపోతుంది. నాకు అసలు పని తగిలేది ఆ అరుపులు ఆగిపోయాకే.

మా బత్తలపల్లె చుట్టూ ఉన్నదంతా ఎర్రనేల, రాళ్ళగుట్టలు, శనక్కాయ చేలు. వాటి మధ్య రేణిపొదలు, సర్కారు తుమ్మ, చిత్రావతి వైపు దిగే వంకలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అదీ సమంగా పడదు. అడివి దట్టంగా ఉంటే కౌజుకు గిట్టదు, ఇట్లాంటి మెట్టనేలే దానికి కావాలి. పిట్టల లెక్కకు వచ్చే విద్యార్థులకు, పరిశోధకులకు దారి చూపడం, నేల మీది గుర్తులు చదివి చెప్పడం నా బతుకుతెరువు. ఈ విద్య మా అబ్బది. ఆయన వేటగాడు.

అబ్బ దగ్గర దీమం కౌజు ఉండేది. పంజరానికి గుడ్డ కప్పి చేలోకి తీసుకుపోయి, చుట్టూ గుర్రపు వెంట్రుకల ఉరులు పన్ని, గుడ్డ తీసేవాడు. అది అరిచిందంటే ఆ జాగా తనదనుకునే అడివి మగపిట్ట రోషంతో కొట్లాటకు వచ్చి ఉరిలో కాలు పెట్టేది. వేట మొత్తం ఆ రోషం మీదే నడిచేది. రోషం లేని కాలంలో దీమం ఎంత అరిచినా పొదలోంచి ఒక్కటీ బయటికి రాదు. అమెరికాలో అడివి టర్కీలను వేటాడేవాళ్ళకూ ఇదే తిప్పలు. వాళ్ళు పెట్టలా కూత పెట్టి పుంజును పిలుస్తారు. పుంజు పక్కన అప్పటికే పెట్టలు చేరి ఉంటే ఎంత పిలిచినా అది ఉలకదు, పలకదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు కౌజును పట్టినా, పంజరంలో పెట్టినా నేరమే. ఉరులు పోయాయి గానీ, వాటిని ఎక్కడ పన్నాలో చెప్పే తెలివి పోలేదు. "అరిస్తే చెవులు చాలురా, అరవకుంటే కండ్లు కావల్ల" అనేవాడు అబ్బ.

అరవని కౌజును వెతికేటప్పుడు మొదట అడగాల్సింది అదెక్కడుందని కాదు, ఎందుకు నోరు మూసుకుందని. జత గుడ్ల మీద ఉందా? ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెట్టి పద్దెనిమిది, పందొమ్మిది రోజులు పొదుగుతుంది. అప్పుడూ, పిల్లలు దిగిన కొత్తలోనూ గూటి దగ్గర గొంతెత్తితే నక్కను పిలిచి చోటు చూపించినట్టే. అట్లాంటప్పుడు పొద మొదట్లో, గడ్డి దుబ్బు చాటున చూడాలి. అదీ దూరం నుంచే. మిట్టమధ్యాహ్నమైతే నీడ పట్టున ఉంటుంది. పైన డేగ తిరుగుతుంటే రేణిముళ్ళ కిందికి దూరుతుంది. కారణం పట్టుకుంటే చోటు దొరికినట్టే.

తర్వాత నేల చదవాలి. కౌజు అడుగులో ముందు మూడు వేళ్ళు విప్పారి ఉంటాయి, వెనక వేలు చిన్న చుక్కలా పడీ పడనట్టు పడుతుంది. పూరేళ్ళలో ఒక రకానికి వెనక వేలే ఉండదు. ఆ రకంలో బుర్రుమని మోగేది ఆడది, గుడ్లు పొదిగేది మగది. చెవిని మాత్రమే నమ్ముకుంటే ఆడదాన్ని మగదని రాసేస్తాం. కౌజు దుమ్ములో పొర్లిన గుంత ఇంకో గుర్తు. అంచులు విరగకుండా, లోపల చీమల బాట పడకుండా ఉంటే ఆ పొద్దుటిదే. అడుగు మీద మంచు చుక్కల గుంటలుంటే అది రాత్రికి ముందరిది, లేకుంటే తెల్లారినాక నడిచింది. కౌజులు రాత్రిళ్ళు గుంపుగా ముళ్ళచెట్ల కొమ్మల మీద పడుకుంటాయి కాబట్టి, తుమ్మ కింద రెట్ట కుప్పగా ఉంటే సాయంత్రం మళ్ళీ అక్కడికే రావాలి.

నడకలోనూ పద్ధతి ఉంది. మనిషి ఆగకుండా నడుస్తుంటే కౌజు నేలకు అతుక్కుని కూర్చుంటుంది, పక్కనుంచే దాటిపోతాం. నాలుగడుగులు వేసి నిలబడిపోతే దానికి గుబులు పుడుతుంది. చూసేశారేమోనని పరుగు తీస్తుంది, తప్పనిసరైతే రెక్కల చప్పుడుతో లేస్తుంది. ఇది నేర్పేటప్పుడు పిల్లలకు విసుగు. "అన్నా, ఇట్లయితే సాయంత్రమవుతుంది" అంటారు. అవుతుంది మరి.

నేను వాడే ఇంకో పద్ధతి బండిబాటను ఊడ్చడం. పొద్దు గూకే ముందు ముళ్ళకొమ్మతో బాటను చదునుగా ఊడ్చి, తెల్లారి పోయి చూస్తే ఏది ఎటు దాటిందో నేలే చెబుతుంది. అబ్బ ఇది కుందేళ్ళ కోసం చేసేవాడు. ఇదే ఉపాయం మన పక్క కడప జిల్లాలో శాస్త్రమైంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడిని 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పట్టుకున్నది ఐతన్న అనే వేటగాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దాని కోసం వెతుకుతున్నది భరత్ భూషణ్. ఆ పిట్ట బతకలేదు గానీ, దాని కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్టను చూడటం కష్టం కాబట్టి, తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, అడుగుల ముద్రలతో దాని జాడ తీశారు. దాని గొంతు రికార్డు చేసి వినిపించడం కూడా చేశారు. కానీ బదులు పలకని చోట పిట్ట లేదని ఎట్లా అంటాం? ఆ అనుమానం తీర్చడానికి మట్టే కావాలి.

అందుకే పిట్టల లెక్కకు వచ్చేవాళ్ళతో నాకు ఒక్క పేచీ ఉంటుంది. తెల్లారి అరగంట విని, ఏమీ వినబడకపోతే కాగితంలో సున్నా వేసి జీపెక్కుతారు. ఆ సున్నాను చూసి రేపు ఎవరో ఈ మెట్టలో పిట్టలే లేవు, ఇది పనికిరాని నేల అని రాస్తారు. పనికిరానిదని పేరు పడ్డ నేల మీద ఏం కట్టినా అడిగేవాడుండడు. నాతో వచ్చేవాళ్ళ కాగితంలో మూడు గడులు గీయిస్తాను: విన్నది, కన్నది, గుర్తు. మూడూ ఖాళీగా ఉంటేనే సున్నా వేయనిస్తాను.