గళ్ళు గీసిన నేల మీద ఒక మస్జిద్

అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతపు పటంలో మొదట కంటికి తగిలేవి గళ్ళు. వాగులను, గుట్టలను పట్టించుకోకుండా 1785 నాటి భూశాసనం అక్కడి నేలను చతురస్రాలుగా విభజించింది. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల ఒక్కొక్క చతురస్రం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు. ఒక్కో సెక్షన్ ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. వాటి అంకెలు ఈశాన్య మూలన మొదలై, ఒక వరుస కుడి నుంచి ఎడమకు, తరువాతి వరుస ఎడమ నుంచి కుడికి సాగుతాయి. అరబీ, తెలుగు రెండూ చదివే మన పిల్లలకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది!

అలాంటి గళ్ళ నడుమ, ఉత్తర డకోటా రాష్ట్రపు మౌంట్రెయిల్ కౌంటీలో, రాస్ అనే ఊరుంది. 2010 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 97 మంది. హిమానీనదాలు వదిలి వెళ్ళిన మిట్టపల్లాలు, నీటి గుంటలు, చెట్టు కానరాని గడ్డి మైదానం, మంచు గాలి వీచే సుదీర్ఘమైన శీతకాలం. ఇది ఎవరికీ చెందని నేల కాదు. మాండన్, హిడాట్సా, అరికరా జాతుల వారు తరతరాలుగా బతికిన సీమ. వారిని రిజర్వేషన్ హద్దుల్లోకి నెట్టిన తరువాతే ఈ గళ్ళు పంపకానికి వచ్చాయి.

20వ శతాబ్ది తొలి యేళ్ళలో, నాటి ఉస్మానియా పాలనలోని సిరియా ప్రాంతం నుంచి కొన్ని ముస్లిం కుటుంబాలు ఇక్కడికి చేరాయి. వారి స్వగ్రామాలు నేటి లెబనాన్‌లో ఉన్నాయి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కొక్కరికి సెక్షన్‌లో నాలుగో వంతు, 160 ఎకరాలు లభించేది. అయిదేళ్ళు ఆ నేల మీదే ఇల్లు కట్టుకుని నివసించి, సాగు చేయాలన్నది షరతు.

నా దృష్టిలో వారి చరిత్రకంతటికీ కీలకం ఈ షరతే. సిరియా పల్లెలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రైతు పొద్దున పొలానికి వెళ్ళి సాయంత్రం ఊరికి వస్తాడు. ఇక్కడ ఊరే లేదు. చదరపు మైలుకు నాలుగు కుటుంబాలు, ఎవరి పొలంలో వారు. భూమి దక్కింది, పొరుగు దూరమైంది. సలాం చెప్పడానికి కూడా గుర్రబ్బండి కట్టాలి. అయినా వారు ఇళ్ళలోనే కూడి జమాఅత్‌తో నమాజు చేసేవారు. 1913లో రంజాన్ ఆగస్టులో వచ్చింది. ఆ అక్షాంశంలో అది సుదీర్ఘమైన పగళ్ళ కాలం, పైగా గోధుమ కోతల అదను. ఆ ఉపవాసాల బరువు రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

ఖిబ్లా సంగతి కూడా చూడండి. చదును పటం మీద అక్కడి నుంచి మక్కా ఆగ్నేయంగా కనబడుతుంది. భూగోళం మీద దారం పట్టి కొలిస్తే దిశ ఈశాన్యానికి మారుతుంది. విద్యార్థులకు ఖిబ్లా పాఠం చెప్పేటప్పుడు నేను తప్పక వాడే ఉదాహరణ ఇది.

1929లో వారు మస్జిద్ కట్టుకున్నారు. గుమ్మటం లేదు, మినార్ లేదు. సగం నేలలోకి దిగిన చిన్న కట్టడం. అమెరికాలో మస్జిద్‌గానే నిర్మించిన తొలి కట్టడాలలో అది ఒకటి. అయొవాలోని సీడర్ రాపిడ్స్‌లో నేటికీ నిలిచి ఉన్న ప్రసిద్ధ మస్జిద్ 1934 నాటిది. కానీ రాస్ మస్జిద్ లేచిన వేళ మంచిది కాదు. ఆర్థిక మాంద్యం, వెంటనే 1930లలో అనావృష్టి, దుమ్ము తుఫానులు. అప్పుల పాలై కొందరు పొలాలు వదిలి వెళ్ళిపోయారు.

మరో నష్టం చప్పుడు లేకుండా జరిగింది. ఈ రాష్ట్రంలో ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16, 36 సెక్షన్లను చట్టం పాఠశాలల నిధికి కేటాయించింది. పిల్లలకు ఇంగ్లీషు చదువు అందుబాటులోకి వచ్చింది. అరబీకి ఇల్లు తప్ప వేరే చోటు లేదు, ఇంటి పెద్దలకేమో పొలం పని. చెదిరిన ఇళ్ళ మధ్య మక్తబ్ నిలవడం కష్టం. పిల్లలు పెరిగి ఇతర మతస్థులను వివాహమాడారు, నగరాలకు తరలిపోయారు. మస్జిద్ క్రమంగా వాడుక తప్పింది. 1970లలో దాన్ని కూల్చివేశారు.

ఖబరస్తాన్ మాత్రం ఉంది. దాని ద్వారం మీద నెలవంక, నక్షత్రం. లోపలి రాళ్ళ మీద జుమా, ఒమర్ వంటి ఇంటిపేర్లు. 2005లో తొలి వలసదారుల సంతతివారు పాత మస్జిద్ ఉన్నచోటే గుమ్మటంతో చిన్న మస్జిద్ కట్టించారు. ఈలోగా మౌంట్రెయిల్ కౌంటీ నేల కింద చమురు బయటపడింది. ఒకప్పుడు గుర్రబ్బండ్లు నడిచిన దారుల్లో ఇప్పుడు చమురు లారీలు తిరుగుతున్నాయి.