కాలము మించిపోయినదా?

మేము నానక్‌రామ్‌గూడకు కాపురము వచ్చి పదునొకండేండ్లయినది. వచ్చిన క్రొత్తలో మా మేడ వెనుక నల్లని రాతిగుండ్లును, వాని నడుమ సీతాఫలపు పొదలును ఉండెడివి. ఇప్పుడా గుండ్లు పగిలిపోయినవి. వాని చోట అద్దాల కచేరీలు లేచినవి. మిగిలిన కొద్దిపాటి ఖాళీ స్థలములలో కృత్రిమపు పచ్చగడ్డి పరచి, చుట్టును వల కట్టి, గంటకింత యని అద్దెకిచ్చుచున్నారు. దానిని టర్ఫు అందురు. పగటియెండలో అచ్చట కాకియైనను వ్రాలదు. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట దీపములు వెలుగును. కచేరీలనుండి వచ్చిన పిల్లలు మెడలోని గుర్తింపు బిళ్ళలు తీసి సంచులలో వైచి, బూట్లు మార్చుకొని, బంతి తన్నుటకు దిగుదురు.

మా రెండవ యమ్మాయియు వారిలో నొకతె. వయస్సు ఇరువదినాలుగు. పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి, రాత్రి ఫుట్‌బాలు ఆడి, చెమటతో ఇంటికి వచ్చును. ఆమెకు అన్నము పెట్టుచు మేము సణుగుట చాలకాలము మా యింటి యాచారముగా నుండెను.

సోదరీమణులయెదుట ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. ఆమె పదునాలుగవ యేట బడి జట్టునకు ఎంపికయైనది. ఒకనాడు మోకాలు చిట్లి రక్తముతో వచ్చినది. మా అత్తగారు చూచి, "ఆడపిల్ల కాలు విఱుగగొట్టుకొన్నచో రేపెవరు చేసికొందురే?" అనిరి. మాకును పదవతరగతి పరీక్షల బెంగ పట్టుకొనియున్నది. ఆ వారములోనే వీధిలోనికి పాతబట్టలకు స్టీలుసామానిచ్చునామె వచ్చినది. రెండు పాతచీరలతోబాటు ఆ బూట్లనుగూడ ఆమె గంపలో పడవైచి ఒక డబ్బా పుచ్చుకొంటిమి. అమ్మాయి బడినుండి వచ్చి బూట్లకొఱకు వెదకినది. సంగతి తెలిసిన పిమ్మట ఒక్కమాటయు అనలేదు. ఆ డబ్బాలో నేటికిని మేము చింతపండు పోసికొనుచున్నాము.

పోయిన సంవత్సరము ఒకనాటి రాత్రి ఆమె భోజనమువద్ద, "అమ్మా, లీగులో ఆడు ఒక జట్టువారు ఎంపిక జరుపుచున్నారు. నేను పోయెదను" అన్నది. "ఇరువదినాలుగేండ్లకా? ఇంక కాలము మించిపోయినదే తల్లీ" అంటిమి. ఆమె చేయి కడుగుకొనుచు, "మించకముందు నన్ను ఆపినదెవరమ్మా?" అన్నది. కోపముతో అనలేదు. అందువలననే ఆ మాట మాకు ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు.

ఈ యాటయందు కాలము నిజముగా ఎప్పుడు మించును? ఈ ప్రశ్న పట్టుకొని మేము కొంత చదివితిమి, తెలిసినవారిని అడిగితిమి. తెలిసినది మీకును చెప్పుచున్నాము.

ఇంగ్లండులో జేమీ వార్డీ అను నాతడు 1987 లో పుట్టెను. పదునాఱేండ్ల వయస్సున, పొట్టివాడని షెఫీల్డులోని పెద్ద క్లబ్బువారు ఆతనిని విడిచివైచిరి. స్టాక్స్‌బ్రిడ్జి యను చిన్నయూరి జట్టులో వారమునకు ముప్పది పౌనులకు ఆడుచు, పగలు కర్మాగారములో విఱిగిన కాళ్ళకు చేతులకు కట్టు బద్దలు చేయు పని చేసెను. 2012 లో లెస్టరు క్లబ్బువారు పదిలక్షల పౌనులిచ్చి తీసికొనిరి. అందఱికంటె పై లీగులో తొలిసారి ఆడునప్పటికి వయస్సు ఇరువదియేడు. 2015 లో వరుసగా పదునొకండు పందెములలో గోలు కొట్టెను. మఱుసటి యేట ఆ జట్టు దేశమునకే విజేతయైనది. జర్మనీకి ఆడిన మిరోస్లావ్ క్లోసే వడ్రంగము నేర్చినవాడు. ఇరువదియేండ్లవఱకు ఆతడు పల్లెటూరి జట్టులోనే యుండెను. పురుషుల ప్రపంచకప్పు పోటీలలో 2002 మొదలు 2014 వఱకు ఆతడు కొట్టిన గోళ్ళు 16.

చిన్ననాడే వీరినేల గుర్తింపలేదు? కారణము మన వంటి తల్లులకు సులభముగా బోధపడును. పిల్లలను పుట్టిన సంవత్సరమునుబట్టి జట్లుగా విడదీయుదురు. జనవరిలో పుట్టినవాడును, డిసెంబరులో పుట్టినవాడును ఒక్క వరుసలోనే నిలుతురు. పదేండ్ల పిల్లలలో పదునొకండు నెలల తేడా చిన్నది కాదు. పెద్దవాడు ఎత్తుగానుండును, వేగముగా పరుగెత్తును, వానినే ఎంచుకొందురు. ఎంచుకొన్నవానికి మంచి గురువు, మంచి మైదానము, ఎక్కువ పందెములు దొరకును, వాడింకను బాగుపడును. మిగిలినవాడు తక్కువవాడని తేలిపోవును. పెద్ద జట్ల బాలశిక్షణాలయములలో సంవత్సరపు మొదటినెలలలో పుట్టినవారే ఎక్కువగా నుందురని పరిశోధకులు పలుదేశములందు లెక్కతేల్చిరి. ఒక పిల్ల పండ్రెండేండ్లకే ఎదుగును, వేఱొకతె పదునాఱేండ్లకు ఎదుగును. చెట్టున పిందెను చూచి పండు రుచి చెప్పుట యెట్లు?

అంతదూర మేల? మన హైదరాబాదునే చూడుడు. 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుసారులు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచినది మన సిటీ పోలీసు జట్టు. వారికి శిక్షణ మిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు 1909 లో పుట్టిన బడిపంతులు. ఆ జట్టు భారము వహించునప్పటికి వారికి నలువదియేండ్లు దాటినవి. పిమ్మట వారి చేతిమీదుగా భారతదేశము 1951 లోను, 1962 లోను ఆసియా క్రీడలలో బంగారుపతకము పొందినది. 1956 లో మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవస్థానము నందినది. 1962 నాటి విజయకాలమునకే వారిని పుట్టకుఱుపు వ్యాధి పట్టియుండెను. మఱుసటి సంవత్సరము కన్నుమూసిరి.

సికిందరాబాదు క్లబ్బులలో ఆటమొదలుపెట్టిన పీటర్ తంగరాజుగారి కథయు ఇట్టిదే. వారు మొదట ముందువరుసలో నిలిచి గోళ్ళు కొట్టువారు. సైన్యములో చేరిన పిమ్మట గోలువద్ద కాపరిగా నిలువబడిరి. ఆ మార్పే వారిని 1956, 1960 ఒలింపిక్సులకు గొనిపోయినది. తాను చేయదగిన పని ఏదో మనిషికి మొదటనే తెలియవలెనను నియమము లేదు గదా!

మన ఆడుబిడ్డలలో గుగులోతు సౌమ్య నిజామాబాదు జిల్లా తండాలో పుట్టినది. మొదట ఆమె పరుగుపందెముల పిల్ల. గురువు ఆ వేగమును చూచి బంతివైపు మరల్చెను. 2022 లో ఆమె క్రొయేషియా దేశపు జాగ్రెబు నగరమునకు పోయి ఆడినది. ఈస్టు బెంగాలు జట్టుతో 2024-25 జాతీయ స్త్రీల లీగు గెలిచినది. ఆ సంవత్సరమునకు దేశములోని ఉత్తమ క్రీడాకారిణిగా సమాఖ్యవారు ఆమెను ఎన్నుకొనిరి. ఆమె జట్టు 2025 జూలైలో తాయిలాండును 2-1 తో ఓడించి ఆసియా కప్పునకు అర్హత సంపాదించినది.

ఇట్లు చెప్పి, ప్రతిపిల్లయు ఇరువదినాలుగేండ్లకు బయలుదేఱి తారయగునని మేము చెప్పుటలేదు. వార్డీ యొక్కడు పైకి వచ్చిన దారిలో వేలమంది దిగువనే నిలిచిపోయిరి. ఆతనికి మఱొక యదృష్టము గలదు. ఇంగ్లండులో లీగులు మెట్లవలె ఒకదానిపై నొకటి అమరియుండును. అడుగుమెట్టు జట్టు గెలిచినచో పైమెట్టు ఎక్కును. అందువలన పగలు పనిచేయువాడును వారము వారము నిజమైన పందెములాడగలిగెను. మనకట్టి మెట్లు తక్కువ. స్త్రీల జాతీయ లీగు మొదలైనదే 2016-17 లో. మేము మా పిల్ల బూట్లు గంపలో వైచిననాటికి అట్టి లీగే లేదు. మా యింటికి చేరువనున్న గచ్చిబౌలి స్టేడియములో ఆడిన హైదరాబాదు జట్టు 2022 లో పురుషుల సూపర్ లీగు గెలిచినది. 2025 లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయినది. ఇంతటి నగరములో రాత్రి తొమ్మిదికి వెలుగు టర్ఫునకును, పెద్దలీగునకును నడుమ మెట్లు కట్టవలసియున్నది.

ఐనను ఒక భేదము గ్రహించితిమి. పొట్టివాడని వార్డీని విడిచినది క్లబ్బు. మన పిల్లలను అంతకు ముందే విడిచినది ఇల్లు. ఎంపిక చేయువారి కంటబడకమునుపే వంటింట ఎంపిక జరిగిపోయినది. అందు తీర్పరులము మేమే.

ఎంపికనాడు మేమును ఆమెతో పోతిమి. వలబయట బల్లపై కూర్చుండి మొట్టమొదటిసారి ఆమె ఆటను మొదటినుండి తుదివఱకు చూచితిమి. ఎవరు ఎచ్చట నున్నారో తల యెత్తకుండగనే తెలిసినట్లు బంతి నందించుచున్నది. ఈ నేర్పు మా కడుపున పుట్టిన పిల్లలో నున్నట్లు పదేండ్లు మాకు తెలియదు! ఆమెను తీసికొనలేదు. "ఆటతెలివి కలదు, దమ్ము చాలదు, ఆఱునెలలకు మరల రమ్ము" అనిరి. దమ్ము పదునాఱు, పదునేడేండ్లలో పెంపవలసినది. ఆ యేండ్లు ఏమైనవో మాకు తెలియును. తిరిగివచ్చునపుడు ఆటోలో మేమే ఏడ్చితిమి. ఆమె మా భుజము తట్టి, "ఊరుకొమ్మమ్మా, ఆఱునెలలన్నారు గదా" అన్నది.

అప్పటినుండి తెల్లవారుజామున అయిదింటికి ఆమె ఖాజాగూడ చెఱువువైపు పరుగెత్తును. మేము వెనుక మెల్లగా నడతుము. మా మోకాళ్ళకును మేలే. మొన్న గచ్చిబౌలికి పోయి ఆమెకు క్రొత్తబూట్లు మా డబ్బుతో కొంటిమి. అత్తగారు వానిని చేతబట్టి అడుగున నున్న మేకులు తడవిచూచి, "ఇవి వేసికొన్నచో జాఱదా?" అని అడిగిరి. జాఱదని చెప్పితిమి. "అట్లయిన పోనిమ్ము" అనిరి.

రెండవ ఎంపిక వచ్చునెలలో నున్నది. ఫలమెట్లుండునో ఎవరు చెప్పగలరు? కాలము మించిపోయినదని మాత్రము మేమిక ననము. చింతపండు తీయుటకు డబ్బా మూత తెఱచినప్పుడెల్ల ఆ పాతబూట్లు జ్ఞప్తికి వచ్చును. క్రొత్తబూట్లు అంగడిలో దొరకినవి. నడుమ పోయిన పదేండ్లు దొరకవు. పదునాలుగేండ్ల పిల్ల యింటనున్న తల్లులు ఈ మాట వినవలెనని మా ప్రార్థన.