వార్డెన్ సంతకం

ఆడపిల్లల తల్లులు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా గురించి. వేయించమనే చెప్తాను. కానీ జన్నారం, దండేపల్లి దిక్కు నుంచి లక్సెట్టిపేటలోని మా ఆసుపత్రికి వచ్చేవాళ్లలో కొందరు ఆ పేరు వినగానే వెనక్కి తగ్గుతారు. "గా సూది ఏస్తెనే గద సారూ, అప్పట్ల భద్రాచలం దిక్కు హాస్టల్ పిల్లలు సచ్చిపోయింది?" అని ఒకామె సూటిగానే అడిగింది. ఉత్త పుకారని ఆమెను పంపించెయ్యడం నాకు చేతకాదు. ఆమె మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ఒప్పుకోకపోతే మిగతా సగం గురించి నేను చెప్పేది ఆమె ఎందుకు వినాలి?

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకు గార్డాసిల్ టీకా మూడు డోసులుగా ఇవ్వడం మొదలుపెట్టారు. దాదాపు 14,000 మంది పిల్లలు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. పక్కన భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఉన్నాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. ఇక్కడ టీకా తీసుకున్నవాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన, దళిత పిల్లలు. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య బృందం వెళ్లి చూస్తే, పిల్లల చేతుల్లో ఉన్న టీకా కార్డులు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అందులో ఐదుగురు మన దగ్గరివాళ్లు.

ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని కేంద్రం వేసిన విచారణ సంఘం తేల్చింది. నీళ్లలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుల మందు, మలేరియా, ఎక్కువ మంది విషయంలో నమోదైన కారణాలు ఇవి. డాక్టరుగా నేనూ అదే అనుకుంటున్నాను. అయినా ఆ తల్లి నమ్మకపోవడంలో తప్పు లేదు. సూది వేసిన రోజు నుంచి పిల్లను కనిపెట్టుకుని ఉన్నవాళ్లు చెప్తే ఆ మాటకు విలువ ఉంటుంది. అక్కడ అట్లా కనిపెట్టుకుని ఉండే ఏర్పాటే సరిగా లేదు. ఇది మందుల ప్రయోగం కాదు, టీకా ఎట్లా అందించాలో చూసే కార్యక్రమం మాత్రమే అన్నారు. ఆ పేరు పెట్టుకోవడంతో ప్రయోగాలకు వర్తించే కట్టుబాట్లు పక్కకు పోయాయి.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో నన్ను వదలని అంకె ఒకటుంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు. తల్లిదండ్రుల బదులు హెడ్‌మాస్టర్లు సంతకం పెట్టొచ్చని సర్కారే ఉత్తర్వు ఇచ్చింది మరి.

వార్డెన్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. జ్వరమొచ్చిన పిల్లను అర్ధరాత్రి ఆటోలో వేసుకుని వచ్చేది వాళ్లే. ఒకసారి ఒక వార్డెన్ మేడం తొమ్మిదో తరగతి గోండు అమ్మాయిని తీసుకొచ్చింది. సికిల్ సెల్ ఉన్న పిల్ల. కాళ్లు, ఛాతీ నొప్పులు, ఒళ్లు కాలిపోతోంది. సెలైన్ పెట్టి, నొప్పికి మందు ఇచ్చాం. తర్వాత ఏం చెయ్యాల్సి వస్తుందో చెప్తుంటే మేడం పెన్ను తీసింది. "ఏడ పెట్టాలె సార్ సంతకం?" ఏం మందు, ఎందుకు అని అడగలేదు. ఆమెకు ఆ హాస్టల్లో పోస్టింగ్ వచ్చి ఎన్నో నెలలు కాలేదు. నూట యాభై మంది పిల్లల్లో ఈ అమ్మాయి ఒకతి.

ఫోన్ చేస్తే తండ్రి చీకటి పడే వేళకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, అంగీ జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టిన పాత చీటీ తీసి నా చేతికిచ్చాడు. ఎదురుగా కూర్చోమంటే కూర్చోలేదు. "పోయినేడు గీ సూదికే సారూ, బిడ్డ ఒళ్లంత దద్దుర్లొచ్చినయ్, ఊపిరాడలే" అన్నాడు. చీటీలో సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ పేరు ఉంది. మా నర్సు సిరంజిలోకి ఎక్కించడానికి సిద్ధంగా పెట్టింది ఆ మందే. మార్చాం. ఆ తర్వాత అతను అడిగినవి వరుసగా మూడు. రక్తం ఎక్కించాల్సి వస్తే ఎవరిది? మళ్లీ ఎప్పుడు తీసుకురావాలి? రాత్రి ఇట్లనే అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? చదువురాని ఆ తండ్రి అడిగిన మూడు ప్రశ్నలూ పరిశోధనకు ఇచ్చే అంగీకార పత్రంలో ఉండాల్సినవే.

ఆ రోజు అతను రాకపోయినా వైద్యం ఆగేది కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టరు సంతకం కోసం కూర్చోడు. పరిశోధనకు అంత తొందర ఏముంది? ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత రాబోయే క్యాన్సర్‌ను ఆపే టీకా అది. దసరా సెలవులకు పిల్లలు ఇళ్లకు పోతారు, ఆదివారాలు తల్లులు సద్ది మూట కట్టుకుని హాస్టళ్లకు వస్తారు. ఒక్క దసరా దాకా ఆగితే ఆ 2,763 కాగితాల మీద వార్డెన్ల పేర్లు ఉండేవి కావు. ఖర్చు, శ్రమ తగ్గుతాయని ఎంచుకున్న దారి అది. హాస్టల్ పిల్లలు ఒకేచోట దొరుకుతారు, ఎదురు చెప్పరు. వాళ్లకు ఎక్కువ రక్షణ కావాల్సింది సరిగ్గా అందుకే.

ఇదే టీకా మీద ఇదే దేశంలో మరో పరిశోధన అదే సమయంలో నడిచింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తొమ్మిది కేంద్రాల్లో, రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూడబోయింది. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం గొడవతో అదీ ఆగింది. కొందరు అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. అంతటితో ఆ పరిశోధకులు వాళ్లను వదిలెయ్యలేదు, పదేళ్ల పాటు వెంట ఉండి చూశారు. ఒక్క డోసు కూడా దాదాపు అంతే కాపాడుతోందని 2021లో ప్రకటించారు. ఒక్క డోసు ఇచ్చినా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారమైన వాటిలో ఇదొకటి. ఈరోజు లోకంలో ఎందరో పేద పిల్లలకు ఈ టీకా అందుబాటులోకి వస్తోందంటే అందులో ఆ మన అమ్మాయిల పాలు ఉంది. అందుకే పిల్లల మీద పరిశోధనే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. పరిశోధన లేకపోతే పెద్దల మందునే విరిచి, అంచనా మీద పిల్లలకు ఇస్తుంటాం. ఇప్పటికీ ఎన్నో మందుల విషయంలో చేస్తున్నది అదే.

తర్వాత నియమాలు గట్టిపడ్డాయి. 2017లో వైద్య పరిశోధన మండలి పిల్లల కోసమే విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. ఏడేళ్లు దాటిన పిల్లను నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా అడగాలి. 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం పరిశోధనలకు అనుమతి ఇచ్చే నైతిక సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది బయటివాళ్లు కావాలి, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు తప్పనిసరి. అంతకు రెండేళ్ల ముందు మన జమ్మికుంట ప్రాంతంలో డబ్బు కోసం మందుల ప్రయోగాలకు పోయొచ్చిన ఒకతను చనిపోతే రాష్ట్రమంతా మాట్లాడుకున్నాం. అతను పెద్దవాడు, మంచో చెడో తనే ఎంచుకున్నాడు. పన్నెండేళ్ల పిల్లకు ఆ ఎంపిక కూడా లేదు.

కాగితం మీద నియమాలు బాగున్నాయి. నా అసంతృప్తి ఆ సామాన్యుడి కుర్చీ గురించి. అందులో ఎప్పుడూ పట్నంలో చదువుకున్న పెద్దమనిషే కూర్చుంటే ఆశ్రమ పాఠశాల పిల్లకు ఒరిగేదేమిటి? గోండి, కోయ మాట్లాడే ఒక తల్లిని కూర్చోబెట్టి, పత్రాన్ని ఆమెకు చదివి వినిపించి, ఆమె ప్రశ్నలు అడిగాకే ముద్ర వెయ్యమనాలి. హాస్టల్ పిల్లల విషయంలో తల్లిదండ్రులు స్వయంగా ఒప్పుకోనిదే చేర్చుకోరాదని, ఏ సర్కారు ఉత్తర్వూ దాన్ని సడలించరాదని స్పష్టంగా రాయాలి.

ఏదైనా అధ్యయనానికి పిల్లలను పంపమని నన్ను అడిగినవాళ్లను నేను మొదట అడిగేది ఒక ఫోన్ నంబరు. కాల్ సెంటర్‌ది కాదు. జన్నారం అవతలి గూడెం నుంచి రాత్రి రెండింటికి ఒక తండ్రి చేస్తే, అతని భాషలో మాట్లాడి, బండి పంపగల మనిషిది. ఆ నంబరు ఇచ్చాకే మిగతా కాగితాలు చదువుతాను.